ఇటాలియన్ భోజనశాలలో పెద్ద పళ్ళెం – దాని వెనుక ఉన్న చరిత్ర



గత ఏడాది వేసవిలో నేను, మా శ్రీమతి అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట్లో మూడు నెలలు గడిపాము. వారి ఇంటినుండి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒక చిన్న ఇటాలియన్ భోజనశాల ఉన్నది. పది పన్నెండు బల్లలు, వాటిపై ఎరుపు తెలుపు గళ్ళ గుడ్డలు, గోడలపై యజమాని తాతముత్తాతల పాత ఛాయాచిత్రాలు. శుక్రవారం సాయంత్రం ఇరుగుపొరుగు కుటుంబాలన్నీ అక్కడే కనిపిస్తాయి.

మేము వెళ్ళిన రోజున మొదట వెన్న, వెల్లుల్లి పూసిన రొట్టె వచ్చింది. తరువాత మనవడికి చికెన్ పార్మిజానా, అంటే రొట్టెపొడి అద్ది నూనెలో వేయించి, టమాటా సాసు, చీజు పరచిన కోడిమాంసం; దాని పక్కనే గుట్టగా స్పగెట్టి. పదకొండేళ్ళ మనవడు ఆ పళ్ళెం వంక చూసి, “తాతయ్యా, ఇటలీలో కూడా అందరూ ఇంత తింటారా?” అని అడిగాడు.

“లేదు నాయనా, అక్కడ తినడానికి లేకనే వీళ్ళ ముత్తాతలు ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చారు” అన్నాను. ఆ ఒక్క మాటతో వాడికి తృప్తి కలుగలేదు. వాడికి ఆ రాత్రి చెప్పిన సంగతులనే, మరికొన్ని వైద్య విషయాలు చేర్చి, ఇక్కడ వ్రాస్తున్నాను.

మొక్కజొన్న సంకటి తెచ్చిన వ్యాధి

ఇటలీ అనగానే మనకు పిజ్జా, పాస్తా గుర్తుకు వస్తాయి. కాని పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాలలో ఉత్తర ఇటలీ రైతుకూలీల ముఖ్యాహారం పొలెంటా, అంటే మొక్కజొన్న పిండి సంకటి. పూటపూటకూ అదే, దానితో నంజుకోవడానికి మాంసం, పాలు, పప్పు దాదాపు శూన్యం. ఆ జనంలో ఒక వింతవ్యాధి వ్యాపించింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగుళ్ళు వారేది, విరేచనాలు పట్టుకునేవి, చివరకు మతి చలించేది. 1771లో మిలాను వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రాపొల్లి దీనికి ‘పెల్లాగ్రా’ అని పేరు పెట్టాడు. ఆ మాటకు గరుకు చర్మం అని అర్థం.

మొక్కజొన్న అమెరికా ఖండపు పంట. మెక్సికో ఆదివాసులు వేల ఏళ్ళుగా అదే తింటున్నా వారికి ఈ వ్యాధి అంతగా సోకలేదు. వారు గింజలను సున్నపు నీటిలో ఉడికించి, ఆ తరువాత రుబ్బుతారు. దానివల్ల గింజలో బంధింపబడి ఉన్న నియాసిన్ అనే విటమిను విడివడి శరీరానికి అందుతుంది. ఐరోపావారు గింజను తెచ్చుకున్నారు గాని, ఆ సున్నపు నీటి పద్ధతిని తెచ్చుకోలేదు.

కారణం తెలియడానికి నూటయాభై ఏళ్ళకు పైగా పట్టింది. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పెల్లాగ్రా విజృంభించినపుడు అందరూ అది అంటువ్యాధి అనుకున్నారు. అక్కడి ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒప్పుకోలేదు. 1916లో ఆయన, ఆయన సహచరులు రోగుల రక్తాన్ని తమకు ఎక్కించుకున్నారు. రోగుల మలాన్ని, చర్మపు పొట్టును సైతం మాత్రలుగా చేసి మింగారు. ఎవరికీ వ్యాధి రాలేదు. అది ఆహారలోపమని ఆయన చెప్పినది నిజమైంది. ఆ లోపించిన పదార్థం నియాసిన్ అని 1937లో తేలింది.

దక్షిణ ఇటలీ రైతు పళ్ళెం

అమెరికాలో భోజనశాలలు పెట్టినవారు ఎక్కువగా దక్షిణ ఇటలీ, సిసిలీ ప్రాంతాలవారు. అక్కడి పేదరికం మరొక రకం. భూములు దొరలవి, పన్నులు అధికం, పల్లపు నేలల్లో మలేరియా. పేదరైతు ఇంట్లో ముతక రొట్టె, చిక్కుడు గింజలు, శనగలు, ఆకుకూరలు, కొద్దిగా ఆలివ్ నూనె ఉండేవి. మాంసం పండుగనాటి మాట. నేపుల్స్ నగరవాసులను ఒకప్పుడు ‘ఆకులు తినేవాళ్ళు’ అని ఎగతాళి చేసేవారు. పదిహేడవ శతాబ్దంలో పాస్తా తయారీ పెరిగి ధర తగ్గిన తరువాతనే వారికి ‘మాకరోనీ తినేవాళ్ళు’ అనే పేరు వచ్చింది. టమాటా కూడా అమెరికా ఖండం నుండి వచ్చినదే.

1861లో ఇటలీ ఒకే రాజ్యమైనా దక్షిణాది రైతుకు ఊరట కలుగలేదు. 1880 నుండి 1924 వరకు, అంటే అమెరికా వలసల చట్టాన్ని కఠినం చేసేవరకు, నలభై లక్షలకు పైగా ఇటాలియన్లు ఆ దేశం చేరారు. వారు రైలుమార్గాలు వేశారు, గనులు తవ్వారు, భవనాలకు ఇటుకలు మోశారు.

పండుగ భోజనం రోజువారీ భోజనమైన వైనం

కూలి డబ్బులు చేతికి రాగానే వారు మొదట కొన్నవి మాంసం, చీజు, తెల్లటి గోధుమపిండి. స్వదేశంలో కలలో కూడా దొరకనివి అక్కడ వారాంతపు కూలితో దొరికాయి. వారి వంటకాలు ఈ మార్పును నేటికీ చూపుతాయి.

దక్షిణ ఇటలీలో పార్మిజానా అసలు వంకాయ వంటకం. వంకాయ ముక్కలను వేయించి, టమాటా సాసు, చీజు పొరలుగా పేర్చి కాలుస్తారు. మా శ్రీమతి ఆ రాత్రి తిన్నది అదే. అమెరికాలో వంకాయ స్థానంలో కోడిమాంసం వచ్చింది. ఇటలీలో మాంసపు ఉండలు చిన్నవిగా చేసి సాధారణంగా విడిగా వడ్డిస్తారు. అమెరికాలో అవి నిమ్మకాయంతై స్పగెట్టి మీదకు చేరాయి. ఇటలీలో పాస్తా భోజనపు మొదటి అంకం మాత్రమే. మనిషికి ఎనభై గ్రాముల పచ్చి పాస్తా వండి పెడతారు. అమెరికాలో అదీ, మాంసమూ ఒకే పళ్ళెంలోకి వచ్చాయి. మా మనవడి పళ్ళెంలో దానికి రెండింతలకు తక్కువ ఉండదని నా అంచనా.

అల్ఫ్రెడో పాస్తా కథ వైద్యునిగా నన్ను ఆకర్షించింది. రోము నగరంలో అల్ఫ్రెడో డి లేలియో అనే వంటవాడు ప్రసవానంతరం నీరసించిన తన భార్యకోసం వెన్న, చీజు కలిపి ఈ పాస్తా చేశాడని చెబుతారు. అంటే అది పుట్టుకతో బాలింత పథ్యం! అమెరికాకు వచ్చాక అందులో చిక్కటి మీగడ చేరి, ఆరోగ్యవంతులు వారం వారం తినే వంటకమైంది.

1920 నుండి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం ఉండేది. ఆ కాలంలో ఇటాలియన్ ఇళ్ళలో సొంతంగా చేసుకున్న ద్రాక్షసారా భోజనంతోపాటు గుట్టుగా లభించేది. దానికోసం వచ్చిన ఇతర జాతులవారికి ఈ వంట రుచి మరిగింది. ఆ విధంగా వలసకూలీల వంటిల్లు పేటకొక భోజనశాలగా మారింది.

పేదల తిండికి దక్కిన గౌరవం

ఇక్కడ చరిత్ర ఒక మలుపు తిరిగింది. 1950ల ప్రారంభంలో అమెరికాలో సంపన్నులైన నడివయస్సు పురుషులు గుండెపోటుతో కుప్పకూలుతున్న రోజులలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయపు శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ నేపుల్స్ వెళ్ళాడు. అక్కడి శ్రామికులలో గుండెపోటు అరుదని విని పరిశీలించడానికి వెళ్ళినవాడు, ఆ విషయాన్నే జీవితకాలపు పరిశోధనగా చేసుకున్నాడు. 1958లో మొదలైన ‘ఏడు దేశాల అధ్యయనం’లో నలభై నుండి యాభైతొమ్మిదేళ్ళ వయసుగల పన్నెండువేలకు పైగా పురుషులను పరీక్షించారు. ఇటలీ పల్లెవాసులు కూడా అందులో ఉన్నారు. పప్పుధాన్యాలు, కూరగాయలు, ఆలివ్ నూనె ఎక్కువగా, మాంసపు కొవ్వు తక్కువగా తినే జనంలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. ఇటువంటి అధ్యయనం సంబంధాన్ని చూపగలదే గాని కారణాన్ని రుజువు చేయలేదు. దానిపై విమర్శలూ ఉన్నాయి. కీస్ మాత్రం దక్షిణ ఇటలీలోని పియోప్పి అనే పల్లెలో ఇల్లు కట్టుకుని చాలాకాలం గడిపి, నూరేళ్ళు నిండాక 2004లో కన్నుమూశాడు. 2010లో యునెస్కో ఈ మధ్యధరా ఆహార సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఏ తిండిని విడిచిపెట్టడానికి ఆ కూలీలు సముద్రం దాటారో, దానినే వైద్యులు వారి మనవలకు పథ్యంగా వ్రాసి ఇవ్వవలసి వచ్చింది.

రొసెటో నేర్పిన పాఠం

పెన్సిల్వేనియా రాష్ట్రంలో రొసెటో అనే చిన్న ఊరు ఉన్నది. ఇటలీలోని రొసెటో వల్ఫొర్తొరె అనే గ్రామం నుండి వచ్చి పలకరాతి గనులలో పనిచేసినవారు స్థాపించిన ఊరది. 1960లలో డాక్టర్ స్టూవర్ట్ వుల్ఫ్, ఆయన సహచరులు అక్కడ పరిశోధించగా, పక్కనే ఉన్న బాంగర్ పట్టణంతో పోలిస్తే రొసెటోలో గుండెపోటు మరణాలు సుమారు సగమే. వారేమీ పథ్యంగా తినడం లేదు. ఆలివ్ నూనె కొనలేక పందికొవ్వుతో వండేవారు, పొగ త్రాగేవారు. కాని ఒకే ఇంట మూడు తరాలు కలసి ఉండేవి. భోజనం అందరూ కలసి చేసేవారు. కష్టం వస్తే ఊరంతా నిలబడేది.

ఆ తరువాత యువతరం చదువుకుని, విడివిడిగా పెద్ద ఇళ్ళు కట్టుకుని దూరమైంది. యాభై ఏళ్ళ మరణాల లెక్కలను పోల్చి 1992లో ప్రచురించిన వ్యాసంలో, రొసెటోలో గుండెపోటు మరణాలు పెరిగి బాంగర్ స్థాయికి చేరాయని తేలింది. చిన్న ఊరు కనుక దీనినుండి పెద్ద సిద్ధాంతాలు చేయరాదు. కాని నేను మాత్రం దీనిని చదివి సిగ్గుపడ్డాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో వేలమంది రోగులను “ఏమి తింటున్నారు?” అని అడిగాను. “ఎవరితో కూర్చుని తింటున్నారు?” అని ఒక్కరిని కూడా అడుగలేదు.

మన సంగతి

ఇది పరదేశపు కథ అని తోసిపుచ్చడానికి వీలు లేదు. హౌస్ సర్జనుగా ఉన్న రోజులలో నేను స్వయంగా పెల్లాగ్రా రోగులను చూశాను. జొన్న గటక తప్ప మరొకటి ఎరుగని కూలీలు వారు. మెడచుట్టూ దండలాగా నల్లబడిన చర్మం నాకు నేటికీ కళ్ళకు కడుతుంది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్ వినియోగానికి అడ్డుపడుతుందని మన హైదరాబాదులోనే డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియ 1960లో ప్రతిపాదించారు. ఆ పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. (జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. పప్పు, ఆకుకూర, పాలు తోడైతే జొన్నరొట్టె మేలైన ఆహారం.)

నేను పదవీ విరమణ చేసేనాటికి, అటువంటి కుటుంబాల పిల్లలే నా దగ్గరకు మధుమేహంతో, రక్తపోటుతో వచ్చేవారు. ఒకప్పుడు పండుగకు మాత్రమే వండిన వరి అన్నం మూడు పూటలకూ వచ్చింది. పెళ్ళిలో తిన్న బిరియాని వారాంతపు తిండి అయింది. ఇటాలియన్లకు సముద్రం దాటితేగాని రాని మార్పు మనకు ఉన్న ఊళ్ళోనే, ఒక్క తరంలో వచ్చింది. వారిని తప్పు పట్టే అర్హత నాకు లేదు. మధుమేహానికి నేనూ పద్దెనిమిదేళ్ళుగా మందులు వాడుతున్నాను.

పాటించదగిన కొన్ని విషయాలు

1. ఇటాలియన్ భోజనశాలకు వెళ్ళినపుడు ఇద్దరికి ఒక పాస్తా చాలు. ముందుగా చిక్కుడుగింజల సూపో, కూరగాయల సలాడో తినండి.

2. మీగడ సాసుకు బదులు టమాటా సాసు కోరండి. మధుమేహం ఉన్నవారు పాస్తాతోపాటు వెల్లుల్లి రొట్టె కూడా తినకండి.

3. మిగులుతుందనుకున్న భాగాన్ని తినకముందే డబ్బాలో పెట్టించుకోండి. తిన్న తరువాత మిగలడం జరుగదు.

4. పండుగ వంటను పండుగకే ఉంచండి. మానవలసిన పని లేదు.

5. రోజుకు ఒక్క పూటయినా ఫోను, టీవీ కట్టివేసి ఇంటిల్లిపాదీ కలసి తినండి. ఒంటరిగా ఉన్న పెద్దవారిని వారానికి ఒకసారైనా భోజనానికి పిలవండి.

ఆ రాత్రి మేము సగం పళ్ళెం మిగల్చడం చూసి వృద్ధుడైన యజమాని ఆందోళనగా మా బల్ల దగ్గరకు వచ్చి, వంట బాగుండలేదా అని అడిగాడు. నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. విస్తరిలో మెతుకు మిగిలితే ఆమె ముఖంలో కూడా అదే భావం. ఎంతో బాగుందని, రేపు మధ్యాహ్నానికి కూడా కావాలని చెప్పాము. ఆయన సంతోషించి తానే స్వయంగా డబ్బాలో సర్ది ఇచ్చాడు. మరునాడు దానిని నలుగురమూ కలసి తిన్నాము.