బిచ్రీ బావుల నుంచి మన చెలిమల దాకా

మా గిరిజన బాలికల వసతి గృహంలో మూడు రకాల నీళ్లుంటాయి. తాగడానికి ఆర్వో నీళ్లు, వంటకు నల్లా నీళ్లు, బట్టలకూ స్నానాలకూ బోరు నీళ్లు. బోరు గద్దె మీద ఎర్ర రంగుతో "తాగరాదు" అని రాసి ఉంది. మేము ఇక్కడికి రాకముందే ఎవరో రాయించారు. కిందటేడు బడులు తెరిచిన వారంలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఆ అక్షరాలు చదివి, "మేడం, తాగొద్దని ఎవరు చెప్పిన్రు?" అని అడిగింది. ఫైళ్లన్నీ వెతికాం. పరీక్ష చేయించిన కాగితం ఎక్కడా దొరకలేదు. రంగు మాత్రం మిగిలింది.

ఈ సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంఘం పెద్దలు అడిగినప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నే గుర్తొచ్చింది. మన పోరాటాల చరిత్ర, పండుగల చరిత్ర రాసేవారు ఈ సంచికలో చాలామంది ఉన్నారు. మేము నేల కింది నీళ్ల చరిత్ర రాస్తాం. ఏ నీరు మంచిది, ఏది చెడ్డది అని ఎవరు నిర్ణయించారు? చెడగొట్టినవారిని చట్టం ఏమంది? బీఈడీ చదువులో మాకు ఇవేవీ చెప్పలేదు. పిల్లలకు జవాబు చెప్పడం కోసమే మేమూ నేర్చుకున్నాం.

మన దేశంలో భూగర్భ జలం చాలాకాలం నేలతో పాటే లెక్కకొచ్చింది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, తన హద్దుల్లో నేల కింద ఉన్న నీటిని తోడుకునే హక్కు ఆ నేల యజమానిది. పట్టా ఉన్నవాడికి నీరు ఉంది, పట్టా లేనివాడికి లేదు. పోడు చేసుకుని బతికిన మన తాతలకు ఆ చట్టం ఏమిచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. అయితే మరో మూడేళ్లకే, 1885లో, ఇంగ్లండులో బల్లార్డ్, టామ్లిన్సన్ అనే ఇద్దరి తగాదాలో ఒక మంచి తీర్పు వచ్చింది. ఒకరిది బీరు తయారుచేసే చోటు, అక్కడొక బావి. పక్కవాడు తన పాత బావిలోకి మురుగు వదిలాడు. ఆ మురుగు నేల లోపలి నుంచి ఇవతలి బావికి చేరింది. నేల కింది నీరు ఎవరి సొంతమూ కాకపోయినా దాన్ని పాడుచేసే హక్కు కూడా ఎవరికీ లేదని న్యాయస్థానం తేల్చింది. ఈ సంగతి పిల్లలకు చెబితే వెంటనే అర్థమవుతుంది. తండాలో ఒకే వాగులో రెండు చెలిమలు తీసినప్పుడు పై చెలిమలో బట్టలు ఉతికితే కింది చెలిమవాళ్లు ఊరుకుంటారా?

స్వతంత్రం వచ్చాక 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం తెచ్చారు. అందులో "ప్రవాహం" అనే మాటకు ఇచ్చిన అర్థంలో నది, ఎండిన వాగు, సముద్రపు నీటితో పాటు నేల కింది నీరు కూడా ఉంది. అంటే అప్పటి నుంచే భూగర్భ జలాన్ని కలుషితం చేయడం నేరం. చట్టంలో మాట ఉంది కానీ ఆ మాట బావి దగ్గరికి నడిచి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అది ఎలా వచ్చిందో తెలియాలంటే రాజస్థాన్ వెళ్లాలి. మన లంబాడీ పెద్దలు తమ పూర్వీకులది ఆ దేశమేనని చెబుతారు కాబట్టి మనకు అది మరీ పరాయి చోటు కాదు.

భిల్లులు, మీణాలు ఎక్కువగా బతికే ఉదయపూర్ జిల్లాలో బిచ్రీ అనే ఊరు ఉంది. ఆ ఊరి దగ్గర 1987 తర్వాత సిల్వర్ కెమికల్స్ అనే కర్మాగారం 'హెచ్-యాసిడ్' తయారీ మొదలుపెట్టింది. బట్టల రంగుల తయారీలో వాడే సరుకు ఇది. తయారైంది ఎక్కువేమీ కాదు, సుమారు 375 టన్నులు. దాని వెనక మిగిలిన విషపు మడ్డి మాత్రం 2,400 టన్నులకు పైమాటే. సరుకు ఒక పాలైతే చెత్త ఆరు పాళ్లు. ఆ మడ్డిని కర్మాగారం చుట్టుపక్కల ఆరుబయట పోశారు, విషపు నీళ్లను శుద్ధి చేయకుండా వదిలేశారు. వాన పడిన ప్రతిసారీ అది నేలలోకి ఇంకింది. బావుల నీళ్లు నల్లబడ్డాయి. మనుషులు తాగలేదు, పశువులు తాగలేదు, పొలానికి పెడితే పంట రాలేదు.

ఊరివాళ్లు తిరగబడ్డారు. జిల్లా కలెక్టరు 144 సెక్షన్ పెట్టాల్సినంత గొడవ జరిగింది. 1989 జనవరిలో ఆ తయారీ ఆగిపోయింది. అదే ఏడు జూలైలో దేశంలో మొదటిసారి ప్రమాదకర వ్యర్థాల నియమాలు వచ్చాయి. అంటే ఎక్కడ పోయాలి, ఎలా దాచాలి అన్న నియమం రాకముందే బిచ్రీలో పోయాల్సిందంతా పోసేశారు. కర్మాగారం మూతపడినా మడ్డి అక్కడే ఉంది. కోర్టు దాన్ని తీయమంటే, కొంత గుంతల్లో దాచి, మిగిలినదాన్ని మట్టిలో కలిపి పైన మట్టి కప్పారు. కంటికి కనబడకపోతే చాలనుకున్నారేమో. వంటగదిలో చెత్త చాప కింద తోసే పిల్లలను మేము రోజూ చూస్తాం కానీ వాళ్లకు పదేళ్లుంటాయి.

పర్యావరణం కోసం పనిచేసే ఒక సంస్థ 1989లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు వచ్చి నేలనూ నీటినీ పరీక్షించారు. 1996 ఫిబ్రవరి 13న తీర్పు వచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఆయనతో పాటు ధర్మాసనంలో ఉన్నది జస్టిస్ బి.ఎన్. కిర్పాల్. ప్రమాదకరమైన పని చేసి లాభం తీసుకునేవాడు జాగ్రత్త పడ్డానని చెప్పి తప్పించుకోలేడు, పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు కట్టాలి, ఇదీ తీర్పు సారం. ఈ రోజు "పొల్యూటర్ పేస్" అని అందరూ అనే మాట మన దేశంలో గట్టిగా నిలబడింది ఆ బావుల దగ్గరే.

లెక్క కట్టి 37 కోట్ల 38 లక్షల రూపాయల పైన కట్టమన్నారు. కంపెనీవాళ్లు కట్టలేదు. పిటిషన్ మీద పిటిషన్ వేశారు. చివరికి 2011 జూలైలో సుప్రీంకోర్టు విసిగిపోయి 1997 నవంబరు నుంచి 12 శాతం చక్రవడ్డీతో కట్టమంది, ఇన్నేళ్లు కోర్టును తిప్పినందుకు ఇంకో 10 లక్షలు వేసింది. 1989 నుంచి 2011 అంటే 22 ఏళ్లు. మా హాస్టల్లో ఏడో తరగతి చదివిన పిల్ల పెళ్లయి, తన కూతురిని మళ్లీ మా దగ్గరే చేర్పించేంత కాలం. అలా చేర్పించినవాళ్లు మాకు నిజంగానే ఉన్నారు. తీర్పు గొప్పదే, కానీ బావి కాలం వేరు, కోర్టు కాలం వేరు.

ఇక తరగతుల సంగతి. మన దేశంలో భూగర్భ జలాలకు తరగతులు కట్టిన చరిత్ర కూడా ఆ రోజుల్లోదే. 1984 నాటి లెక్క పద్ధతిలో ప్రాంతాలను తెలుపు, బూడిద, నలుపు అని విడదీశారు. ఏటా నేలలోకి ఇంకే నీటిలో ఎంత తోడుతున్నారన్నదే కొలత. 85 శాతం దాటితే నలుపు. 1997 నుంచి రంగులు పోయి సురక్షితం, పాక్షిక సంక్లిష్టం, సంక్లిష్టం, అతి వినియోగం అనే పేర్లు వచ్చాయి. మండల కార్యాలయాల్లో వినిపించే మాటలు ఇవే. ఇక్కడ ఒకటి గమనించాలి. ఈ తరగతులన్నీ ఎంత నీరు ఉందన్న దాని మీదే. ఆ నీరు ఎలా ఉందన్నది వీటిలో లేదు. 2015 పద్ధతిలో ఫ్లోరైడు, ఆర్సెనిక్, ఉప్పదనం ఉన్నచోట పక్కన ఒక గుర్తు వేయమన్నారు, అంతవరకే. గుర్తు పడినా తరగతి మారదు. నీళ్లు నల్లబడిన బావి కూడా ఈ లెక్కలో "సురక్షితం" అనిపించుకోవచ్చు! మా పిల్లలకు ఈ మాట చెబితే నవ్వారు. మేము నవ్వలేకపోయాం.

అమెరికాలో వేరే దారి పట్టారు. లవ్ కెనాల్ అనే చోట పాత రసాయనాల గోతి మీద ఇళ్లూ బడీ కట్టిన సంగతి 1978లో దేశమంతా తెలిసింది. 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. 1984లో అక్కడి పర్యావరణ సంస్థ భూగర్భ జలాన్ని మూడు తరగతులు చేసింది. మొదటిది మరో దిక్కులేని, ప్రత్యేకంగా కాపాడాల్సిన నీరు. రెండోది ఇప్పుడు తాగుతున్న, రేపు తాగగల నీరు. మూడోది తాగడానికి పనికిరానిది. కనెక్టికట్ రాష్ట్రం ఇంకా ముందుకెళ్లి నేలల వారీగా తరగతులు కట్టింది. ఊళ్లకు నీరిచ్చే నేల ఒక తరగతి, ఇళ్ల బావుల నేల ఒక తరగతి, పాత ఫ్యాక్టరీల కింది నేల ఇంకో తరగతి. 1996లో వచ్చిన అక్కడి నియమాల ప్రకారం కలుషితమైన స్థలాన్ని ఎంతవరకు శుభ్రం చేయాలన్నది ఆ తరగతిని బట్టే ఉంటుంది. తాగే నీరైతే తాగగలిగేంత వరకు, ఎవరూ తాగని నీరైతే కొంత తక్కువ.

వినడానికి న్యాయంగానే ఉంది. ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. కానీ మాకు ఒక అనుమానం. "ఎవరూ తాగరు" అని రాసేది ఎవరు? గుట్ట మీది గూడెం వాళ్లు ఊట నీళ్లు తాగుతారు. మేకల కాపరులు వాగులో చెలిమ తీసుకుని తాగుతారు. ఆ ఊట ఏ రిజిస్టరులోనూ ఉండదు. తాగేవాళ్లు కాగితంలో లేకపోతే ఆ నీటికి తక్కువ తరగతే దొరుకుతుంది. తరగతి తక్కువైతే రక్షణా తక్కువే. రేషన్ కార్డు, కుల ధృవీకరణ పత్రం కోసం తిరిగిన మనవాళ్లకు ఈ సూత్రం కొత్త కాదు.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. 1997లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 'వాల్టా' చట్టం తెచ్చింది. అందులో భూగర్భ జలాన్ని ఏ రకంగానూ ఎవరూ కలుషితం చేయరాదని, మురుగును నేరుగా నేలలోకి పంపరాదని స్పష్టంగా ఉంది. బావులు నమోదు చేసుకోవాలని కూడా ఉంది. వాల్టా అంటే చెట్టు కొట్టేటప్పుడు అనుమతి తీసుకునే చట్టమనే మనలో చాలామందికి తెలుసు, నీళ్ల భాగం అంతగా తెలియదు. చట్టం వచ్చిన ఏడేళ్లకు, 2009లో, పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో మందుల ఫ్యాక్టరీల అవశేషాలు ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. జలుబుకు వేసుకునే సెటిరిజిన్ లాంటివి బావి నీళ్లలో!

2003 ఆగస్టులో నల్లగొండ జిల్లా పెద్దగట్టులో యురేనియం గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు లంబాడీ తండాలవాళ్లు అడిగింది కూడా నీళ్ల గురించే. పక్కనే నాగార్జునసాగర్ ఉంది. నల్లమలలో చెంచులు అడిగిందీ అదే. 2019 సెప్టెంబరులో నల్లమల యురేనియానికి వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది.

చివరికి 2025 జూలైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను కేంద్రం ప్రకటించింది. బిచ్రీ మూతపడిన 36 ఏళ్లకు. స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ, తనంతట తాను లేదా ప్రజల ఫిర్యాదు మీద, అనుమానిత కలుషిత స్థలాన్ని గుర్తించాలి. ఏడాదికి రెండుసార్లు జాబితా పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. బాధ్యుడు తేలితే శుభ్రం చేసే ఖర్చు అతనిదే. బిచ్రీ తీర్పు ఇన్నాళ్లకు నియమంగా మారింది, సంతోషమే. కానీ గనుల పని వల్ల, అణుధార్మిక వ్యర్థాల వల్ల వచ్చే కాలుష్యం ఈ నియమాల పరిధిలో లేదు. వాటికి వేరే చట్టాలున్నాయన్నారు. మన గూడేలకూ తండాలకూ ఎక్కువ భయం ఆ రెండింటి వల్లే. మరో సంగతి, మా జిల్లాలోని ఫ్లోరైడు రాతి నుంచి వచ్చేది. దానికి బాధ్యుడు ఉండడు, కాబట్టి ఏ కోర్టూ ఎవరినీ కట్టమనలేదు.

మా బోరు నీళ్లను మళ్లీ పరీక్షకు పంపాం. ఫ్లోరైడు హద్దు దాటిందనే వచ్చింది. ఎర్ర రంగు రాసినవాళ్లు నిజమే చెప్పారు. ఇప్పుడు ఆ కాగితం తేదీతో సహా బోరు పక్క గోడకు అంటించి ఉంది. అడిగిన అమ్మాయి చేతే అంటింపజేశాం.

దసరా సెలవులకు వెళ్లేటప్పుడు పెద్ద తరగతుల పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చాం. మీ తండాలో, గూడెంలో ఉన్న బావి, బోరింగు, ఊట, చెలిమ, ఏదైనా సరే రాసుకు రండి అన్నాం. ఎక్కడుంది, ఏ నెలలో ఎండుతుంది, పై వాలున ఏముంది, ఎవరు తాగుతారు. ఇవే గడులు. ముప్పైకి పైగా కాగితాలు తిరిగొచ్చాయి. కొన్ని పసుపు మరకలతో, ఒకటి సగం చిరిగి. పంచాయతీకి ఒక ప్రతి, మండల కార్యాలయానికి ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకున్నాం. సంఘం శాఖలు ఉన్న ఊళ్లలో ఇదే పని చేయదలిస్తే ఆ గడుల కాగితం పంపిస్తాం.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె గుట్ట కింది చెలిమ గురించి రాసింది. పై వాలున ఏముంది అన్న గడిలో "ఇప్పటికి ఏం లేదు" అని ఉంది. ఎవరు తాగుతారు అన్నచోట "మేకలు, నాయనమ్మ, మేము" అని రాసింది.