ఒక పటం – ఒక పెన్షను

ఫైళ్ల మధ్య బతికిన మనకు పాత కాగితం విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో విలియం స్మిత్ అనే సర్వేయరు కాలువలు తవ్వేచోట రాతిపొరలను పరిశీలించి, ఏ పొరలో ఏ శిలాజాలుంటాయో గుర్తించి, 1815లో భూగర్భ పటం ప్రచురించారు. ఐదు మైళ్లకు ఒక అంగుళం చొప్పున వేసి, చేత్తో రంగులద్దిన పటమది. తయారైనవి సుమారు 400 ప్రతులే. చాలావాటిపై ఆయన వేసిన నంబరు, సంతకం చూసి ఏది ముందుదో ఏది తర్వాతదో సేకర్తలు నేటికీ తేల్చుకుంటారు.

అప్పులపాలై, తన శిలాజాలను బ్రిటిష్ మ్యూజియానికి అమ్ముకున్నా 1819లో జైలు తప్పలేదు. అరవై దాటాక, 1832లో, ఏటా 100 పౌండ్ల పెన్షను మంజూరైంది. 1839లో కన్నుమూశారు.

ఆయన కాగితాలను మేనల్లుడు జాన్ ఫిలిప్స్ భద్రపరచబట్టి అవి నేటికీ ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్ జియలాజికల్ సొసైటీలో ఎక్కడుందో తెలియకుండా పోయిన ఒక తొలి ప్రతి 2014లో బయటపడింది. తోలు పెట్టెలో వెలుతురు సోకక దాని రంగులు వెలిసిపోలేదు.

మన అటకల మీది పాత ఉత్తరాలు, ఫీల్డు బుక్కులు తూకానికి వేసేముందు ఒక్కసారి పిల్లలచేత చదివించండి.