తుపాకులనే కాల్చిన రోజు

తుపాకులతో కాల్చడం చరిత్రలో మామూలే. తుపాకులనే పోగేసి కాల్చిన రోజొకటి ఉంది. 1996 మార్చి 27న పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో, టింబక్టూ పట్టణంలో దాదాపు 3,000 తుపాకులను మంటలో వేశారు. ఉత్తరాది తిరుగుబాటుదారులైన తువారెగ్‌లూ, వారికి ఎదురు నిలిచిన దళాలూ అప్పగించిన ఆయుధాలవి. అప్పటి అధ్యక్షుడు ఆల్ఫా ఉమర్ కొనారే స్వయానా చరిత్రకారుడు.

కాని పొరుగున తుపాకి దొరుకుతుంటే మన ఇంట్లోది కాల్చి ఏం లాభం? అందుకే మాలి చొరవతో పశ్చిమాఫ్రికా దేశాల కూటమి 1998 అక్టోబరు 31న అబూజాలో చిన్న ఆయుధాల దిగుమతి, ఎగుమతి, తయారీలను మూడేళ్ళపాటు ఆపుతామని ప్రకటించింది. అది మాట మాత్రమే. తప్పినవారికి శిక్ష లేదు. 2006 జూన్ 14న దాన్ని ఒడంబడికగా మార్చారు. 2009లో అది అమలులోకి వచ్చింది. ఇక ఏ సభ్యదేశం ఆయుధాలు తెప్పించుకోవాలన్నా కూటమి అనుమతి కావాలి.

లిబియా ఆ కూటమిలో లేదు. 2011లో గడాఫీ పాలన కూలగానే అక్కడి ఆయుధాలు ఎడారి దాటి వచ్చాయి. 2012లో టింబక్టూ తిరుగుబాటుదారుల వశమైంది. 2025 జనవరిలో మాలి, నైజర్, బుర్కినా ఫాసో కూటమి నుంచే తప్పుకున్నాయి.

ఒడంబడిక వృథా అని నేననను. కంచె ఒక వైపు తెరిచే ఉంది, అంతే. తువారెగ్‌ల బంధుత్వాలూ, బేరగాళ్ళ దారులూ లిబియా దాకా ఉన్నాయి. కట్టడి మాత్రం కూటమి ఎల్లలోనే ఆగింది. సరిహద్దుకు రెండు వైపులా చుట్టాలున్న మనకు ఈ సంగతి వేరే చెప్పాలా?