ఇనుపబాట – ప్రజాధికారము

తాండూరు, వికారాబాదుల మీదుగా సాగు రైలుమార్గమును మనమందరము ఎరుగుదుము. తాండూరు నాపరాయియు, కందులును దూరపు అంగళ్ళకు చేరుటకు ఇది ఎంతయో తోడ్పడినది. అయితే ఈ మార్గము ఎవరి అవసరమునకై వచ్చినది? వ్యయమును ఎవరు భరించిరి? ఈ రెండు ప్రశ్నలను విచారించినచో, మన సీమలో స్వపరిపాలనాకాంక్షకు గల మూలములు కొంత తెలియగలవు.

సికింద్రాబాదునుండి వాడీ జంక్షను వరకు గల ఈ మార్గము 1874లో తెరువబడెను. సికింద్రాబాదులోని దండును బొంబాయి – మద్రాసు ప్రధానమార్గముతో కలుపుట బ్రిటిషువారికి ముఖ్యావసరము. వ్యయము మాత్రము నిజాము రాజ్యముది. అంతకు పూర్వమే, 1853లో, కంటింజెంటు సైన్యపు బాకీ క్రింద బీరారు సీమ బ్రిటిషువారి వశమయ్యెను. సింహాసనము నిజాముది, ముఖ్యవిషయములందు పైమాట రెసిడెంటుది.

1883లో ఈ మార్గమును పొడిగించుటకై లండనులో ఒక కంపెనీ ఏర్పడెను. వాడీ మార్గము కూడ దాని అధీనమయ్యెను. మూలధనముపై 20 ఏండ్లపాటు నూటికి 5 వంతున వడ్డీకి నిజాము ప్రభుత్వము హామీ యిచ్చెను. రాబడి చాలనిచో లోటును ఖజానా పూడ్చవలెను. ఖజానాలోని ధనములో అధికభాగము రైతు చెల్లించిన శిస్తే కదా! వాటాదారునకు నిశ్చింత, రైతునకు భారము.

ఈ ఏర్పాటు వివరములను ప్రజల ముందుంచవలెనని అఘోరనాథ చట్టోపాధ్యాయులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము మొదలగువారు కోరిరి. ఆ యేడే అఘోరనాథులను రాజ్యమునుండి వెడలగొట్టిరి. సొమ్ము లెక్క అడుగుటయే రాజకీయమైనది.

పల్లెరైతునకు ఆ లెక్క మరింత దూరము. వికారాబాదు పేరే పాయిగా ప్రభువగు వికారుల్ ఉమ్రా పేర ఏర్పడినది. జాగీరులందు శిస్తు జాగీర్దారునకు చేరెడిది. లండను వాటాదారుడు, రెసిడెంటు, నిజాము, జాగీర్దారు – ఇందరిలో రైతునకు జవాబు చెప్పవలసినవాడు ఒక్కడును లేడు.

1930లో నిజాము ప్రభుత్వము ఆ రైల్వేను కొనివేసెను. ఆస్తి రాజ్యమునకు చేరెను గాని, అధికారము ప్రజలకు చేరలేదు. అదే సంవత్సరము జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ తొలిసారి సమావేశమయ్యెను. మొదట విద్య, సంఘసంస్కరణలు చర్చించిన ఆ సభ, క్రమముగా వెట్టిచాకిరి రద్దును, బాధ్యతాయుత ప్రభుత్వమును కోరు స్థితికి వచ్చెను. 1938లో స్టేటు కాంగ్రెసును నిషేధించినను ఆ కోరిక అణగలేదు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1952లో వయోజనులందరును ఓటు వేయగా, వికారాబాదునుండి శాసనసభకు ఎన్నికైన మఱ్ఱి చెన్నారెడ్డిగారు వ్యవసాయమంత్రి యైరి. 1956లో గుల్బర్గా జిల్లాలోని తాండూరు తాలూకా తెలుగు రాష్ట్రమున చేరెను.

స్వరాజ్యమనగా పాలకుని మార్చుట మాత్రమే కాదు. పన్ను కట్టువాడు లెక్క అడుగవలెను. అడిగినవానికి పాలకుడు జవాబు చెప్పవలెను. 1883లో త్రోసివేయబడిన ఆ కోరిక 1952నాటికి ఓటరు హక్కుగా పరిణమించెను. ఆ హక్కును వాడుకొనుట, వాడుకొనకుండుట ఇక మన చేతిలోనిది.