కృపావరం: క్రైస్తవ చింతనలో దైవదానం, స్వీకారం

గ్రీకు కొత్త నిబంధనలోని ‘ఖారిస్మా’ అనే మాటకు తెలుగు బైబిలు ‘కృపావరము’ అనే సమాసాన్ని వాడింది. పురాణాలు విని పెరిగిన తెలుగువారికి వరం అనగానే తపస్సు గుర్తుకు వస్తుంది. ఏళ్ల తరబడి నిష్ఠ పట్టినవాడికి దేవుడు ప్రత్యక్షమై కోరిక తీరుస్తాడు. ఆ మాటకు ముందు ‘కృప’ చేరడంతో అర్థమే మారిపోయింది. పుచ్చుకునేవారి అర్హతతో నిమిత్తం లేకుండా, ఇచ్చేవాడి మంచితనం వల్ల మాత్రమే దొరికేది కృపావరం. దేవుడు ఇలా ఉచితంగా ఇస్తాడన్నది క్రైస్తవ విశ్వాసానికి ఆయువుపట్టు. అయితే ఉచితంగా వచ్చినదాన్ని మనిషి ఎలా పుచ్చుకోవాలి, పుచ్చుకున్నాక దానితో ఏం చేయాలి అన్న ప్రశ్న మీద సంఘం రెండు వేల ఏళ్లుగా మథనపడుతూనే వచ్చింది.

ఈ ప్రశ్నకు మూలాలు హెబ్రీ గ్రంథాల్లోనే ఉన్నాయి. నిర్గమకాండం 16వ అధ్యాయం ప్రకారం, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు కురిసిన మన్నాను ఏ రోజుకు ఆ రోజు ఏరుకోవాలి. రేపటికని దాచినది పురుగుపట్టి కంపు కొట్టింది, విశ్రాంతి దినం కోసం ముందురోజు ఏరుకున్నది మాత్రం చెడిపోలేదు. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో రైతు తన ప్రథమఫలాలను, అంటే పంటలో తొలిగా చేతికి వచ్చినవాటిని, గంపలో పెట్టి యాజకుడికి అందించి, తన పితరులు ఐగుప్తులో పడిన బానిసత్వాన్ని, అక్కడి నుంచి దేవుడు విడిపించిన తీరును నోటితో చెప్పాలి. ఆ తరువాత సాగే సంబరంలో, సొంత భూమి లేని లేవీయుడికి, పరదేశికి కూడా పాలు ఉంటుంది. భూమి తన కష్టార్జితం కాదనీ, దేవుడిచ్చిన ఈవి అనీ ఒప్పుకోవడం, దాన్ని లేనివారితో పంచుకోవడం ఒకే ఆరాధనలో రెండు భాగాలుగా ఉండేవి.

మొదటి శతాబ్దపు రోమా సమాజంలో ఇచ్చిపుచ్చుకోవడాలకు కట్టుబాట్లు ఉండేవి. ధనవంతుడు తగినవాడిని ఎంచి మేలు చేసేవాడు, మేలు పొందినవాడు విధేయతతోనూ పొగడ్తతోనూ ఆ ఋణం తీర్చుకునేవాడు. అటువంటి లోకంలో, తగనివారికి, చివరికి శత్రువులకు కూడా దేవుడు క్రీస్తు ద్వారా తన్ను తాను ఇచ్చుకున్నాడని అపొస్తలుడైన పౌలు ప్రకటించాడు. కృపకు ఆయన వాడిన గ్రీకు మాట ‘ఖారిస్’. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8, 9 అధ్యాయాల్లో యెరూషలేములోని పేదల కోసం పోగుచేస్తున్న చందాకు కూడా ఆయన అదే మాట వాడాడు. దేవుడి నుంచి వచ్చిన కృప విశ్వాసి చేతుల మీదుగా పేదవాడి దాకా ప్రవహిస్తుందనీ, ఎక్కడా తన పేరు మార్చుకోదనీ ఆ పద ప్రయోగం చెబుతుంది.

అయిదవ శతాబ్దం నాటికి వివాదం స్వీకారం మీదికి మళ్లింది. బ్రిటన్ నుంచి వచ్చిన సన్యాసి పెలాజియస్, దేవుడు మనిషికి స్వేచ్ఛనూ ధర్మశాస్త్రాన్నీ క్రీస్తు ఆదర్శాన్నీ ఇచ్చాడు గనుక మంచిగా బతకడం మనిషి చేతిలోని పనే అని బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీను (354–430) దాన్ని ఒప్పుకోలేదు. పుచ్చుకోనిది మనిషి దగ్గర ఏదీ లేదన్న పౌలు మాట ఆధారంగా, పుచ్చుకోవడానికి చేయి చాచే కోరిక సైతం కృపవల్లనే పుడుతుందని ఆయన వాదించాడు. 418లో కార్తేజి సభ పెలాజియస్ బోధను ఖండించింది. విశ్వాసపు తొలి కదలిక కూడా దైవదానమేనని 529లో ఆరెంజి సభ తీర్మానించింది.

మధ్యయుగం చివరికి వచ్చేసరికి ఆ ఉచితత్వం మసకబారింది. రోములో పేతురు దేవాలయ నిర్మాణానికి ధనం సమకూర్చే నిమిత్తం, పాపశిక్షను తగ్గిస్తాయని చెప్పే పరిహార పత్రాలను జర్మనీలో ఊరూరా తిరిగి అమ్మారు. 1517లో మార్టిన్ లూథర్ తన 95 ప్రతిపాదనల్లో ఈ వ్యాపారాన్ని నిలదీశాడు. విశ్వాసం అంటే ఖాళీ చేతులతో క్రీస్తును అందుకోవడమేనన్నది ఆయన ఉపదేశ సారం. అలా అందుకున్నవాడు ఎవరికీ బానిస కాకుండానే, ప్రేమవల్ల పొరుగువాడికి సేవకుడవుతాడని 1520లో క్రైస్తవ స్వాతంత్ర్యం గురించి రాసిన చిన్న గ్రంథంలో వివరించాడు. 1547లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ కృపకే ప్రాథమ్యం ఇస్తూ, దానితో మనిషి సహకరించడం కూడా అవసరమని నిర్ణయించింది. లూథరన్లు, కతోలికులు అనే ఈ రెండు పక్షాలూ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో సంయుక్త ప్రకటన మీద సంతకాలు చేసి, మనిషి నీతిమంతుడిగా తీర్చబడటం కృప వల్లనే అని కలిసి ఒప్పుకున్నాయి.

తెలుగునేల మీద ఈ ప్రశ్న ఆకలి రూపంలో ఎదురైంది. 1876–78 నాటి కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు గానీ, తిండి కోసం ఎవరూ మతంలో చేరకూడదన్న ఉద్దేశంతో బాప్తిస్మాలను ఆపివేశాడు. కూడు వేరు, కృప వేరు అన్న స్పష్టత అందులో ఉంది. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. పని చేసి కూడా కళ్లంలో ఎవరో కొలిచి పోసే మేర గింజల కోసం ఎదురుచూసిన ఆ కుటుంబాలకు, కులాన్నీ తాహతునూ చూడకుండా ఇచ్చే దేవుడున్నాడన్న కబురు ఎంత గౌరవాన్ని తెచ్చిపెట్టి ఉంటుందో ఊహించవచ్చు.

పుచ్చుకున్న అటువంటి పేదలే దాతలయ్యారు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వి. ఎస్. అజరయ్య, పేదరికం ఇవ్వకపోవడానికి కారణం కాకూడదని బోధించారు. క్రైస్తవ దానం గురించి ఒక పుస్తకమే రాశారు. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, నిండిన కుండను గుడికి చేర్చడం తెలుగు సంఘాల్లో ఆరాధనలో భాగమైంది. కోత పండుగనాడు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు బలిపీఠం ముందుకు చేరతాయి. ఆరాధన తరువాత వాటిని వేలం వేసి, వచ్చిన సొమ్మును సంఘ సేవకు వాడతారు. ద్వితీయోపదేశకాండంలోని రైతు మోసిన ప్రథమఫలాల గంపను తరతరాలుగా కూలి గింజలే ఎరిగిన చేతులు ఇక్కడ ఎత్తుకున్నాయి. అందులో ఉన్నది తమది కాదని, దేవుడు ఇచ్చినదేనని ఆ చేతులకు తెలుసు. అందుకే పిడికెడైనా సంకోచం లేకుండా ఇవ్వగలిగాయి.