మిసూలా నుండి బయలుదేరిన చక్రములు

సైకిలు అనగానే మన కనుల ముందు మెదలు దృశ్యము మిక్కిలి సామాన్యమైనది. తెల్లవారక మునుపే పాలబిందెలు కట్టుకొని పట్నము చేరు వర్తకుడు, ముందు కడ్డీపై పిల్లవానిని కూర్చుండబెట్టుకొని సంతకు పోవు రైతు, సంచీ నిండ ఉత్తరములతో గడపగడపకు తిరుగు తపాలా జవాను - ఇంతకంటె దూరము మన ఊహ పోదు. ఈ వాహనముతో మహాపర్వతములు దాటవచ్చునని ఎవరైనను చెప్పినచో ముందు నవ్వుకొందుము, పిదప ఆలోచింతుము. అట్లు ఆలోచింపదగిన చరిత్రనే నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్నాము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మోంటానా అను కొండల రాష్ట్రమున్నది. అందులో మిసూలా ఒక పట్టణము. సైకిలుపై దూరప్రయాణముల చరిత్రలో ఈ ఊరి పేరు మూడు పర్యాయములు మనకు ఎదురగును. ఆ మూడు కథలను ఒకచోట చేర్చి చూచినచో ఒక ప్రశ్న పుట్టును: దూరపు బాటసారి గమ్యము చేరునది తన కాళ్ళ బలముననా, దారిలోని వారి ఆదరముననా?

మొదటి కథ 1897 నాటిది. మిసూలా ప్రక్కనున్న సైనిక స్థావరములో 25వ పదాతి దళము ఉండెడిది. అందలి సైనికులు నల్లజాతి వారు. వారిపై అధికారులు తెల్లవారు. నాటి అమెరికా సైన్యము నడచిన పద్ధతి అది. గుఱ్ఱమునకు మేత కావలెను, నీరు కావలెను, విశ్రాంతి కావలెను. సైకిలుకు ఇవేవియు అక్కరలేదు గదా, దానిని సైన్యమున వాడరాదా అని జేమ్స్ మాస్ అను యువ లెఫ్టినెంటుకు తోచినది. 1896లో చిన్న ప్రయాణములు చేసి చూచినారు. మరుసటి సంవత్సరము జూన్ 14వ తేదీన ఇరువదిమంది సైనికులు, మాస్, ఒక వైద్యుడు, ఒక పత్రికా విలేకరి - మొత్తము 23 మంది - మిసూలా నుండి సెయింట్ లూయిస్ నగరమునకు బయలుదేరినారు. దూరము 1900 మైళ్ళు.

నేటి సైకిళ్ళతో ఆ సైకిళ్ళను పోల్చరాదు. గేర్లు లేవు. సామాను, తుపాకి, గుడారపు బట్ట, దుప్పటి చేరగా ఒక్కొక్క వాహనము సుమారు 60 పౌనులు తూగెడిది. వర్షము కురిసినచో బంకమట్టి చక్రములకు చుట్టుకొని కదలనిచ్చెడిది కాదు. కొండ కనుమలలో చలి, మంచు. నెబ్రాస్కా ఇసుక దిబ్బలలో మండుటెండ. అక్కడి క్షారజలము త్రాగి పలువురు జబ్బుపడినారు. ఇసుకలో చక్రము కూరుకొనిపోయినపుడు రైలుపట్టాల నడుమ దిమ్మెల మీదనే ఎగిరెగిరిపడుచు మైళ్ళ కొలది సాగినారు. ఆహారపు సరకులను సుమారు నూరు మైళ్ళకు ఒకచోట ముందుగా చేర్చి ఉంచినారు. ఒక మజిలీ నుండి మరియొక మజిలీకి చేరుటలో ఆలస్యమైనచో ఆ పూట ఆకలియే. ఇన్ని కష్టములు పడి 41 దినములకు, జూలై 24న, వారు సెయింట్ లూయిస్ చేరినారు. ఆ నగరపు సైకిలు సంఘముల వారు ఎదురేగి తోడ్కొని వచ్చినారు. వేలకొలది ప్రజలు చూడవచ్చినారు.

అంతటితో ఆ ప్రయోగము ముగిసినది. మాస్ మరియొక ప్రయాణము తలపెట్టినను పైవారు అనుమతింపలేదు. 1898లో స్పెయినుతో యుద్ధము వచ్చినది. దళము క్యూబాకు పోయినది. ఆ సైకిలు దళమున మింగో సాండర్స్ అను సార్జెంటు ఉండెను. క్యూబాలో థియొడోర్ రూజ్‌వెల్టు తన దళమునకు తిండి లేదని అడుగగా, తమ వంతు రొట్టె బిస్కత్తులను తన మనుషులచే పంచి ఇప్పించితినని సాండర్స్ తరువాతి కాలమున చెప్పుకొన్నాడు. ఎనిమిది సంవత్సరములు గడచినవి. 1906లో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్ పట్టణమున జరిగిన కాల్పుల నేరము 25వ దళము మీద పడినది. విచారణయే లేక 167 మంది సైనికులను గౌరవరహితముగ పనినుండి తొలగించినారు. ఆ ఆజ్ఞ ఇచ్చిన అధ్యక్షుడు రూజ్‌వెల్టే. తొలగింపబడిన వారిలో సాండర్స్ ఒకడు. పాతికేండ్లకు మించిన కొలువు, దానితో పింఛను కలుగు హక్కు, రెండును పోయినవి. 1972లో అమెరికా సైన్యము ఆ ఆజ్ఞను రద్దు చేసి వారు నిర్దోషులని ఒప్పుకొన్నది. సాండర్స్ 1929లోనే గతించినాడు. కొండలు దాటిన మనిషికి తన దేశపు న్యాయము చేరుటకు 66 సంవత్సరములు పట్టినది.

రెండవ కథ 1976 నాటిది. అమెరికా స్వాతంత్ర్యమునకు రెండువందల యేండ్లు నిండిన సందర్భమున, పడమటి తీరమున ఆస్టోరియా నుండి తూర్పున యార్క్‌టౌన్ వరకు 4250 మైళ్ళ సైకిలు బాటను కొందరు యువదంపతులు కల్పించినారు. వారి కార్యాలయము మిసూలాలో వెలసినది. ఆ వేసవిలో సుమారు 4000 మంది ఆ బాటపై సాగినారు. ఈ పర్యాయము సైన్యపు సరకులు లేవు. దారి పొడుగున పల్లెలలోని పాఠశాలలు, చర్చిలు, సామాన్య గృహస్థులు చోటిచ్చినారు.

ఆ సంస్థ వారే 1998 నాటికి మరియొక బాటను సిద్ధపరచినారు. ఇది మూడవ కథ. ఉత్తర అమెరికాకు వెన్నెముక వంటి రాకీ పర్వతములపై ఒక జలవిభాజక రేఖ కలదు. దానికి పడమట పడిన చినుకు పసిఫిక్కు వైపునకు, తూర్పున పడినది అట్లాంటిక్కు వైపునకు పోవును. మనకిది క్రొత్త సంగతి కాదు. మన కృష్ణమ్మ అరేబియా సముద్రమునకు సుమారు 40 మైళ్ళ దూరముననే, మహాబలేశ్వరమున పుట్టియు, తూర్పుముఖమై వచ్చి బంగాళాఖాతమున కలియుటకు పడమటి కనుమలలోని ఇట్టి రేఖయే కారణము. ఆ రాకీ రేఖను మాటిమాటికి దాటుచు కెనడా సరిహద్దు నుండి మెక్సికో సరిహద్దు వరకు సాగునదే ఈ మట్టిబాట. అందలి ఎత్తైన కనుమ కొలరాడోలో 11,900 అడుగులకు పైన ఉన్నది.

బాట పడిన వెంటనే దానిని ఎవరు ఎంత త్వరగా దాటగలరను పంతము పుట్టినది. 1999లో జాన్ స్టామ్‌స్టాడ్ ఒంటరిగా 18 దినములలో ముగించినాడు. 2004లో పోటీ మొదలైనది. 2008 నుండి కెనడాలోని బాన్ఫ్ పట్టణమున ప్రారంభమగు ‘టూర్ డివైడ్’ నడచుచున్నది. దూరము 2700 మైళ్ళకు పైమాట. 2015లో లేయల్ విల్కాక్స్ అను వనిత 16 దినముల లోపున ముగించినది. 2016లో మైక్ హాల్ 14 దినముల లోపున చేరినాడు. 1897లో సైనికులు రోజుకు సగటున సుమారు 46 మైళ్ళు పోయినారు. హాల్ సుమారు 200 మైళ్ళు పోయినాడన్నమాట.

ఈ పోటీకి ప్రవేశ రుసుము లేదు, బహుమతి ధనము లేదు. సామాను బండి వెంట రాదు. ముందుగా ఏర్పరచుకొన్న సహాయము నిషిద్ధము. స్నేహితుడు ఎదురేగి అన్నము పెట్టరాదు. మరియొకని చాటున గాలి తప్పించుకొని పోరాదు. అయితే బాటలోని అంగడి, పూటకూళ్ళ ఇల్లు, సైకిలు మరమ్మతు దుకాణము అందరికి సమానముగ తెరచియుండును. ఇచట నియమము సహాయమును కాదనుట లేదు. ఒకరికి దొరికి మరియొకరికి దొరకని సహాయమును మాత్రమే కాదనుచున్నది.

అందువలన ఈ పోటీని మోయుచున్నది దారిలోని పల్లెలే. న్యూ మెక్సికోలో పైటౌన్ అను చిన్న ఊరున్నది. అచట ఒక ఇంటి ముందు పాత రొట్టెలు కాల్చు యంత్రములు వ్రేలాడుచుండును. అదియే ఆ ఇంటి గుర్తు. సైకిలు వారికి, కాలినడకన పోవు వారికి ఆ తలుపు తెరచియుండును. ఎవరు ముందు, ఎవరు వెనుక అని ఆ ఇల్లు అడుగదు. మన పాతకాలపు సత్రములు తలంపునకు రాకమానవు.

ఆపద లేదని కాదు. 2010లో పోటీదారు ఒకడు కొలరాడో కొండదారిలో ట్రక్కును ఢీకొని మరణించినాడు. ఎలుగుబంట్లు, పిడుగులు, బురద ఏటేట ఉన్నవే. పేరు నమోదైన వారిలో పలువురు నడుమనే ఆగిపోవుదురు.

మనము వేసికొన్న ప్రశ్నకు ఇపుడు సమాధానము తోచుచున్నది. కొండ నెక్కించునవి కాళ్ళే. కాని కాళ్ళను నిలబెట్టునది దారిలో దొరకు గుక్కెడు నీరు, పట్టెడన్నము. ఆ అన్నము వివక్ష లేక అందినపుడే పందెము న్యాయమైన పందెమగును. మింగో సాండర్స్ రొట్టె పంచునపుడు ఎదుటివాని రంగు చూడలేదు. ఆయనకు దక్కవలసినది దక్కలేదు. నేడు ఆ కొండలలో తెరచియుండు తలుపులను తలచినపుడు, వాని వెనుక తొలుత ఆ బాట పట్టిన ఇరువదిమంది సైనికులను కూడ తలచుట మన ధర్మము.