మరణవార్తయందలి క్రియాపదము

కడపమండలమున కలమల్ల చెన్నకేశవాలయమునందలి శాసనము క్రీ. శ. 575 ప్రాంతమునాఁటి దని శాసనజ్ఞుల నిర్ణయము. కొన్ని యక్షరములు చెడినను, ఎరికల్ ముత్తురాజు ధనంజయుఁడను పేరును, అతఁ డేలిన రేనాఁడును దానిలో నిలిచియున్నవి. అతని మరణప్రస్తావము మాత్ర మందు లేదు.

మరణమును జెప్పుటకే వీరగల్లులు పుట్టినవి. రాయలసీమలో వైదుంబులనాఁటి వీరగల్లులు కొన్ని సోరెమతి పోరును బేర్కొనుచున్నవి. ఇట్టి శిలలపై వీరమరణమునకుఁ బ్రసిద్ధమైన క్రియ “పడియె” అనునది. ఎవనిపక్షమునఁ బోరి, ఎచ్చటఁ బడెనో తెలుపుటచే నీ చిన్నిక్రియయే చరిత్రమునకు సాక్షియైనది.

చీనాదేశమునఁ గ్రియ మృతుని యంతస్తును జెప్పును. లీజీ యను ప్రాచీనాచారగ్రంథము ఐదంతస్తులవారి మరణమునకు ఐదు మాటలు విధించినది. చక్రవర్తికిఁ జెప్పు “బెంగ్” అను మాటకుఁ గొండ విఱిగిపడుట యర్థము. అచ్చటను బడుటయే, పడునది కొండ! 1872లో షాంఘైనగరమున వెలసి 1949 వఱకు నడచిన షెన్‌పావ్ పత్రికలో మరణప్రకటనలు విరివిగా నచ్చుపడెను. సంప్రదాయప్రకటనలో నెక్కువగా మాటాడువాఁడు కుమారుఁడు. తన పాపమే తండ్రిని బలిగొన్నదని యాతఁడు నిందించుకొనవలెను. 1918లో మాతృవియోగమందిన హూషి పండితుఁ డీ కృత్రిమోక్తిని విడిచి, మఱుసటియేఁడు దానిని ఖండించుచు వ్రాసెను.

ఆంగ్లేయుల “ఆబిట్యువరీ” శబ్దము లాటినుభాషలో “ఎదురేఁగు” నను నర్థముగల ధాతువునుండి పుట్టినది. మన పరేత, ప్రేత శబ్దములందలి గత్యర్థక “ఇ” ధాతువే దానికిని మూలము; ఉపసర్గ మాత్రమే వేఱు. 1841 మొదలు 1877 వఱకు లండను టైమ్సు పత్రికకు సంపాదకుఁడైన డిలేనునాఁట నట్టి వ్యాసములు విపులజీవితచరిత్రములైనవి. వానియందుఁ గ్రియ సామాన్యము. జన్మస్థానము, విద్య, కృత్యములు, ఒక్కొక్కయెడ లోపములు కూడ విశేషములు.

తెలుఁగుపత్రికలలోఁ గ్రియ మతమును దెలుపును. వైష్ణవుఁడు పరమపదించును, శైవుఁడు శివసాయుజ్యమందును, తక్కినవారు స్వర్గస్థు లగుదురు. అమంగళార్థము స్ఫురించు పద మశ్లీలదోష మని యాలంకారికులు చెప్పుటచే నీ మఱుఁగు మనకు సహజము. మఱుఁగు దోషము గాదు. పరమపదించినవాఁ డెచ్చటఁ బుట్టెనో, ఏమి చేసెనో చెప్పక విడుచుటయే దోషము. బిరుదములు నాలుగు పంక్తులు నిండి, జననసంవత్సరమునకు స్థలము చాలని ప్రకటన రేపటి చరిత్రకారున కేమి యుపకరించును?

“కీర్తిశేషుఁడు” బహువ్రీహి: కీర్తియే శేషముగాఁ గలవాఁడని విగ్రహము. కృత్యమును జెప్పనిచోఁ గీర్తి నిలువదు. కీర్తి లేనిచో సమాసమున కర్థము లేదు. కలమల్లశిల యక్షరములు పోఁగొట్టుకొనియు నొక పేరును, ఒక సీమను గాచినది. చెడని యక్షరములు చేతనున్న పత్రిక యంతకుఁ దక్కువ చేయరాదు.